గోడ మాత్రం స్పష్టంగా పడింది

మా అత్త దీవెనమ్మ ట్రంకుపెట్టె గెడ్డలో పడిన రోజు నాకు తేదీతో సహా గుర్తుంది. 1979 జూన్ పద్దెనిమిది, సోమవారం. ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేయాల్సిన ఊళ్ళలో ఆవిడ ఊరు ఒకటి. మామ ఎప్పుడో పోయాడు. జయశీల ఒక్కతే కూతురు. అందుకని అత్త గోపాలపట్నంలో మా అద్దె ఇంటికి వచ్చేయాలని అనుకున్నాం. నేను బడికి సెలవు పెట్టి, నా భార్య జయశీలతో కలిసి సామాను తేవడానికి వెళ్ళాను. ముందురోజంతా వాన. గెడ్డ దాటుతుంటే ఎడ్లబండి ఎడమ చక్రం ఇసుకలో దిగబడింది. బండి ఒరిగింది, తాళ్ళు జారాయి. అన్నిటికంటే పైనున్న పెట్టె నీళ్ళలో పడింది.

పావుగంటలో పెట్టెను గట్టుకి లాగాం. చీరలు తడిశాయి, అవి ఆరుతాయి. బైబిలు ఉబ్బింది, అదీ ఎండలో పెడితే కొన్నాళ్ళకి మామూలైంది. బాగుపడనిది ఒక్కటే, మా పెళ్ళి ఫోటో. ఫ్రేములోకి నీళ్ళు వెళ్ళి ఫోటో అద్దానికి అతుక్కుపోయింది. జాగ్రత్తగా తీద్దామని నేను ఒక మూల పట్టుకుని లాగాను. మా కాళ్ళు, కుర్చీల కోళ్ళు, వెనక తెర మీది పూలకుండీ బొమ్మ అట్టకే ఉండిపోయాయి. ముఖాలు అద్దంతో పాటు వచ్చేశాయి. వేలు తగలగానే అవి కూడా జారిపోయాయి.

అత్త గట్టు మీద కూర్చుని ఆ అట్టను ఒళ్ళో పెట్టుకుంది. బియ్యం గురించి, ఇత్తడి బిందెల గురించి ఒక్క మాట అడగలేదు. జయశీల చీర కుచ్చిళ్ళు పిండుకుంటూ తల్లితో, "పోతే పోనీలే అమ్మా. మొగాలు మా దగ్గరే ఉన్నాయి కదా. మేస్టారు కెమేరా కొంటారు, మళ్ళీ తీసుకుందాం," అంది.

మేస్టారంటే నేనే. హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పేరు యేసుదానం.

మా పెళ్ళికి తీయించింది ఆ ఒక్క ఫోటోనే. అది కూడా ఒక్క కాపీ. తరచూ ఇల్లు మారే మా దగ్గర కంటే అత్త దగ్గర భద్రంగా ఉంటుందని అక్కడ పెట్టాం. తరవాతి శనివారం పాతపట్నంలో ఆ ఫోటో తీసిన స్టూడియోకి వెళ్ళాను. నెగటివులు ఐదేళ్ళకు మించి ఉంచరని చెప్పారు. మా పెళ్ళయి అప్పటికి పదకొండేళ్ళు.

కెమేరా మా పక్క వాటాలో ఉండే జగ్గారావు దగ్గర కొన్నాను. అతను పోర్టులో ఓడల సరుకు ఎత్తే వించి నడుపుతాడు. ఏదో విదేశీ ఓడలో పనిచేసే నావికుడి దగ్గర తీసుకున్నానని చెప్పాడు. బరువైన, మంచి కెమేరా. అతనికి అది ఆట్టే పనికిరాలేదు. నాకు ఇస్తూ ముందున్న గుండ్రటి రింగు తిప్పి చూపించాడు.

"అంకెలున్నాయి సూడండి మేస్టారూ. మడిసి ఎంత దూరంలో ఉంటే ఆ అంకెకి తిప్పడమే. మిగతాదంతా అదే సూసుకుంటాది."

రింగు మీద ఒకటి, ఒకటిన్నర, రెండు, మూడు, ఆరు, పది అని అంకెలున్నాయి. చివర పడుకున్న ఎనిమిది లాంటి గుర్తు ఉంది. ఆ గుర్తు నాకు తెలుసు, అనంతం. లెక్కల మేస్టారి కోసమే చేసినట్టున్న వస్తువు చేతికొచ్చిందని సంతోషపడ్డాను. జయశీల కుట్టుమిషను సొరుగులోంచి టేపు తీసుకున్నాను. ఆవిణ్ణి పెరట్లో నిలబెట్టి, కెమేరా నుంచి ఆవిడ దాకా ఆరడుగులు కొలిచి, రింగు ఆరు మీద పెట్టాను.

మూడేళ్ళలో మూడు రీళ్ళు తీశాను. మేం పొదుపుగా తీసేవాళ్ళం. క్రిస్మస్‌కి రెండు, ఈస్టరుకి రెండు, సముద్రం ఒడ్డుకి వెళితే ఒకటి. ఏ ఫోటోలోనూ జయశీల ముఖం సరిగ్గా పడలేదు. మనిషి తెలుస్తుంది, చీర అంచు తెలుస్తుంది, ముఖం మాత్రం పొగమంచులో ఉన్నట్టుండేది. ప్రింట్లు ఇచ్చే కుర్రాడు చెయ్యి వణికిందన్నాడు. నేను మోచేతులు పక్కటెముకలకు నొక్కుకుని, ఊపిరి బిగబట్టి తీశాను. అయినా అంతే. చివరికి సముద్రపు గాలికి లెన్సు లోపల బూజు పట్టిందని నాకు నేనే తేల్చుకున్నాను. జయశీల మాత్రం ప్రింట్లు వచ్చినప్పుడల్లా నవ్వేది. బీచిలో తీసిన ఫోటోలో ఆవిడ వెనక వలలు ఆరబెట్టుకుంటున్న ఇద్దరు మనుషులు గళ్ళ లుంగీలతో సహా స్పష్టంగా పడ్డారు. "నన్ను తీస్తన్నారా, నా ఎనకున్నోళ్ళని తీస్తన్నారా?" అని అడిగింది. నేను కూడా నవ్వాను.

అందులో ఒక ఫోటో గురించి చెప్పాలి. 1980 జనవరిలో, ఊళ్ళో మిగిలిన కలప తెచ్చుకోవచ్చంటే మేమిద్దరం అత్త ఇంటికి వెళ్ళాం. అప్పటికే పైకప్పు లేదు. వెనక గోడ ఒక్కటీ నిలబడి ఉంది. సున్నం పెచ్చులూడిన గోడ, మధ్యలో బైబిలు పెట్టుకునే గూడు. జయశీల తలుపు గొళ్ళెం ఒకటి ఊడదీసి చేత్తో పట్టుకుంది. ఆ గోడ బాగా వెనగ్గా పడేలా ఆవిణ్ణి నిలబెట్టి, ఆరడుగులు కొలిచి ఫోటో తీశాను. తల కొద్దిగా కుడివైపుకు తిప్పి నిలబడింది. మరుసటి నెలకి ఆ గోడా లేదు.

1982 ఆగస్టులో జయశీల పోయింది. పచ్చకామెర్లు. పదకొండు రోజులు.

మా వాళ్ళలో సమాధికి తీసుకెళ్ళే ముందు శవపెట్టె చుట్టూ నిలబడి ఆఖరి ఫోటో తీయించుకోవడం ఉంది. పాస్టరుగారు నన్ను రెండుసార్లు అడిగారు. వద్దన్నాను. ఆ పసుపు ముఖం మాకు మిగిలిన ముఖం కాకూడదనుకున్నాను. ఇంట్లో అంతకంటే మంచిది ఏదీ లేదని ఆ సమయంలో నాకు తోచలేదు.

నలభయ్యో రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. కుర్చీ మీద తెల్లగుడ్డ పరిచి దాని మీద ఫోటో పెట్టాలి. స్త్రీల సమాజం వాళ్ళు తీయించుకున్న గ్రూపు ఫోటో ఒకటుంది గాని, అందులో జయశీల మూడో వరసలో, ముందున్న మనిషి కొప్పు వెనక సగమే కనిపిస్తుంది. గోడ దగ్గర తీసిన ఫోటోనే పెద్దది చేయించి పెట్టాను. వచ్చినవాళ్ళు దానివైపు ఒకసారి చూసి, మర్యాదగా తల దించుకుని కూర్చున్నారు.

ప్రార్థన అయ్యాక అత్త లేచి తడుముకుంటూ కుర్చీ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ రెండు కళ్ళకీ శుక్లాలు. మూడేళ్ళుగా ఆపరేషన్ చేయించుకోమని జయశీల బతిమాలినా భయపడి ఒప్పుకోలేదు. ఫోటోను చేతిలోకి తీసుకుని ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుంది.

"ఏటి బాబూ, పిల్ల మొగం తెల్లగా మసగ్గా ఉంది," అంది. కొంచెంసేపటికి తనే, "నా కళ్ళే. పొర ముదిరిపోనాది," అంది.

గదిలో ముప్పై మంది ఉన్నారు. ఒక్కరూ మాట్లాడలేదు. వాళ్ళు మాట్లాడవలసిన పనీ లేదు. మాట్లాడవలసినవాణ్ణి నేను. నేనూ ఊరుకున్నాను.

ఆ రాత్రి అన్నం దగ్గర అత్త ఆపరేషన్ చేయించుకుంటానని చెప్పింది. కూతురి ముఖం ఒకసారి సరిగ్గా చూడాలని, ఆ తరవాత కళ్ళు ఉన్నా పోయినా ఫరవాలేదని అంది. కంటి ఆసుపత్రిలో ముందు కుడికన్ను చేస్తామన్నారు. చలికాలమైతే మంచిదని ఫిబ్రవరి తొమ్మిదో తేదీ ఇచ్చారు. కట్టు విప్పి, పుండు మాని, కళ్ళజోడు వచ్చేసరికి మరో ఏడు వారాలు. నేను క్యాలెండరులో లెక్కపెట్టాను. మార్చి ఆఖరుకి ఆవిడ చూస్తుంది. చూసినప్పుడు ఏం కనిపిస్తుందో నాకు తెలుసు.

డిసెంబరంతా అదే ఆలోచన. తరగతిలో బోర్డు మీద రాస్తూ మధ్యలో ఆగిపోయేవాణ్ణి. ఇంటికెళితే అత్త ఆ ఫోటోను దిండు పక్కన పెట్టుకుని ఉండేది. "ఇంకెన్ని వారాలు బాబూ?" అని అడిగేది. నేను చెప్పేవాణ్ణి. ఒక్కో వారం తగ్గుతున్నకొద్దీ ఆవిడ గొంతులో హుషారు పెరుగుతూ వచ్చింది.

క్రిస్మస్ సెలవుల్లో నెగటివులన్నీ పట్టుకుని గోపాలపట్నం బజారులో శ్రీరామ్మూర్తి స్టూడియోకి వెళ్ళాను. ఆయన పెద్దాయన, తక్కువ మాట్లాడతాడు. పాత ఫోటోలు బాగుచేయడంలో చెయ్యి తిరిగినవాడని విన్నాను. మసకగా పడిన ముఖాన్ని స్పష్టంగా చేయగలరా అని అడిగాను. ఆయన గోడ దగ్గరి ఫోటో నెగటివును దీపం పెట్టె మీద పరిచి, భూతద్దంతో చాలాసేపు చూశాడు. నేను లెన్సు బూజు సంగతి చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి భూతద్దం నా చేతికిచ్చాడు.

"ఎనక గోడ సూడండి. పెచ్చులు లెక్కెట్టీవొచ్చు. లెన్సు బాగుంది మేస్టారూ. కెమేరా ఓసారి తెండి."

మర్నాడు తీసుకెళ్ళాను. ఎంత దూరం నుంచి తీశానని అడిగాడు. ఆరడుగులని, టేపుతో కొలిచానని, రింగు ఆరు మీద పెట్టానని చెప్పాను. ఆయన రింగు అంచుకి స్పిరిట్ గుడ్డ పెట్టి రుద్దాడు. అనంతం గుర్తు పక్కన, మురికి కింద, నువ్వుగింజంత అక్షరం ఒకటి బయటపడింది.

"ఇవి అడుగులు కావండి. మీటర్లు."

ఆరు మీటర్లంటే పంతొమ్మిది అడుగుల ఎనిమిది అంగుళాలు. చేయాలనుకోకుండానే ఆ లెక్క నా మనసులో జరిగిపోయింది. గోడ సరిగ్గా అంత దూరంలో ఉంది. వలలు ఆరబెట్టుకుంటున్నవాళ్ళూ అంతే. అడుగుల్ని మీటర్లలోకి మార్చడం నేను ఏటా ఎనిమిదో తరగతికి చెబుతాను. ఎక్కడైనా అంకె వేసి ప్రమాణం రాయకపోతే సగం మార్కు కొట్టేస్తాను. నిర్లక్ష్యంగా తీసి పాడుచేసి ఉంటే ఎలాగో సర్దుకునేవాణ్ణి. నేను ప్రతిసారీ కొలిచాను.

శ్రీరామ్మూర్తి నా ముఖం వైపు చూడకుండా పని సంగతి మాట్లాడాడు. మసక పడ్డది మసకే. పెద్ద ప్రింటు తీసి దాని మీద సన్నటి బ్రష్షుతో కళ్ళూ ముక్కూ గీసి, మళ్ళీ దాన్ని ఫోటో తీయవచ్చు. కాని దేన్ని చూసి గీయాలి? కనురెప్పలు ఎలా ఉండేవి, కనుబొమలు కలిసి ఉండేవా అని అడిగాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. చెబుతూ ఉంటే ఎవరి గురించైనా అలాగే చెప్పవచ్చని నాకే తెలిసింది. పుట్టుమచ్చ ఒకటి ఉండేదన్నాను. ఏ వైపని ఆయన అడిగాడు. నేను చెయ్యి నా కనుబొమ మీద పెట్టుకున్నాను, మళ్ళీ రెండో కనుబొమ మీద పెట్టుకున్నాను. పద్నాలుగేళ్ళు ఎదురుగా చూసిన ముఖం. ఏ వైపో చెప్పలేకపోయాను.

ఆయన తల్లీకూతుళ్ళకి పోలికలు ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను. అందరూ అనేవాళ్ళు.

"అయితే తల్లిది తియ్యండి. అదే తల తిప్పు, అదే ఎలుగు. కళ్ళు మాత్రం కత్తిలా పడాలి. దాన్ని సూసి నాను గీత్తాను."

తనే వచ్చి తీయవచ్చు కదా అని అడిగాను. ఫోటోగ్రాఫరొస్తే పెద్దావిడ బిగుసుకుపోతుందని, మనింటి మనిషిలా ఉండదని, ఇంతకీ నా చేతికి ఇప్పుడు తెలిసింది కదా అని అన్నాడు. తరవాత రెండు సాయంత్రాలు నన్ను కూర్చోబెట్టి నేర్పాడు. ముఖం తీసేటప్పుడు ముఖానికి కొలవకూడదు, కంటికి కొలవాలి. తల పక్కకు తిరిగి ఉంటే రెండు కళ్ళలో మనకు దగ్గరగా ఉన్న కంటికి కొలవాలి. ఎండలోనైతే లెన్సు రంధ్రం చిన్నది చేసుకోవచ్చు, అప్పుడు ముందూ వెనకా కొంత తేడా ఉన్నా సర్దుకుపోతుంది. నీడలో రంధ్రం పెద్దది చేయాలి. ఒకటిన్నర మీటరు దూరంలో అప్పుడు మనకు దక్కేది జానెడు. ఆ జానెడులో ఉన్నది స్పష్టంగా పడుతుంది, దాటితే పోతుంది.

నేను పురికొస తీసుకుని ఒక మీటరు దగ్గర, ఒకటిన్నర దగ్గర, రెండు దగ్గర ముడులు వేశాను. ఒక కొస కెమేరా పట్టీ కొక్కేనికి కట్టాను. ముందు నీళ్ళకుండ మీద, తరవాత జగ్గారావు మీద అభ్యాసం చేశాను. జగ్గారావు డ్యూటీ దిగి ఖనిజం ధూళితో ఎర్రగా వచ్చి, ఆ అవతారంలోనే మెట్ల మీద కూర్చునేవాడు. దారం కొస అతని కంటి దాకా పట్టుకెళితే తల వెనక్కి లాక్కునేవాడు.

"కన్ను పొడిసీకండి మేస్టారూ. నాకింకా పెళ్ళీడు కూతురుంది." ఫోటోలు చూశాక మాత్రం నవ్వు ఆపేశాడు. తన కనురెప్పల మీది ధూళి రేణువులు కూడా పడ్డాయి. "ఇదేటి, ఇంత ముసిలోణ్ణయిపోనానా?" అని అడిగి, ఆ ఫోటో తీసుకెళ్ళలేదు.

కెమేరాలో ఏదో తేడా ఉండేదని, ఇప్పుడు సరైందని అతనితో చెప్పాను. ఆ అంకెల పాఠం చెప్పింది అతనే. కాని కొలిచింది నేను.

జనవరి మూడో వారంలో అత్తను వసారాలో కూర్చోబెట్టాను. ఆసుపత్రివాళ్ళు ఫోటో అడిగారని చెప్పాను. అది అబద్ధం. ఆవిడ జరీ అంచు చీర కట్టుకుంది. ఆరుబయట ఎండలో కూర్చోబెట్టడానికి కుదరలేదు. శుక్లాల కళ్ళకి ఎండ పడదు, ముఖమంతా ముడుచుకుపోతుంది. అందుకని నీడ, అందుకని రంధ్రం పెద్దది, అందుకని నాకున్నది జానెడు. ఒకటిన్నర ముడి దగ్గర దారం పట్టుకుని ఆవిడ ఎడమకంటికి కొలిచాను. రింగు ఒకటిన్నర మీద పెట్టాను. వెనక్కొచ్చి, "కదలొద్దు అత్తా," అన్నాను.

మొదటి పన్నెండు ఫోటోల్లో చెవులు స్పష్టంగా పడ్డాయి, కళ్ళు పడలేదు. శ్రీరామ్మూర్తి వాటిని చూసి, దూరం సరిగ్గానే కొలిచారు, ఆవిడే కదులుతోందన్నాడు. ఎందుకు కదులుతోందో నాకు అర్థం కాలేదు. కదలొద్దన్నాకనే కదులుతోంది. రెండోసారి కెమేరా వదిలేసి ఊరికే ఆవిణ్ణి గమనించాను. నేను వెనక్కి జరిగితే నేను ఆవిడకు కనిపించను. గొంతు మాత్రం వినిపిస్తుంది. నేను మాట్లాడగానే ఆవిడ నా గొంతు వైపు జానెడు ముందుకు వంగుతోంది. నేను ఏం చెప్పినా, కదలొద్దని చెప్పినా, వినడానికి వంగుతోంది.

ఆపరేషన్‌కి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆపరేషన్ అయితే కుడికంటికి కట్టు, తరవాత నల్లద్దాలు. తీస్తే ఈలోపే తీయాలి.

అప్పుడు దారంలో ఒకటిన్నర ముడిని ఆవిడ చేతికే ఇచ్చాను. బొటనవేలితో దాన్ని ఎడమకంటి కొసన ఆనించి పట్టుకోమన్నాను. దారం కొస నా దగ్గర కెమేరాకి ఉంది. దారం బిగుతుగా ఉన్నంతసేపూ ఆవిడ సరైన చోట ఉన్నట్టు. వదులైతే ముందుకు వంగినట్టు. నేను మాట్లాడకుండా, దారం ఒకసారి చిన్నగా గుంజితే చెయ్యి దించాలని, దించి అలాగే ఉండాలని చెప్పాను.

ఆవిడ దారాన్ని వేళ్ళతో తడిమి చూసింది. "గేదెనా నాను?" అంది.

చెయ్యి సర్దుకుంటున్నప్పుడు, అడగడానికి అదే సమయమనిపించింది. జయశీల పుట్టుమచ్చ ఏ కనుబొమ పక్కన ఉండేదని అడిగాను.

"కుడి పక్క. మొగుడివి, నీకు తెల్దా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నేను రింగు సరిచూసుకున్నాను. దారం బిగిసింది. గుంజాను. ఆవిడ చెయ్యి దించింది. వంగలేదు.

ఆ రీలులో నాలుగు ఫోటోలు శ్రీరామ్మూర్తి చెప్పినట్టు పడ్డాయి. ఒకదాన్ని ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. ఆవిడ కనుబొమల్లో నెరిసిన వెంట్రుకలు, రెప్ప మీది సన్నటి నరం, నల్లగుడ్డు మధ్యలో పాలచుక్కలా తెల్లటి పొర, అన్నీ ఉన్నాయి. ఆయన బాగుందని మాత్రం అన్నాడు. ఆయన నోట ఆ మాట ఎక్కువగా రాదని తరవాత తెలిసింది. నేను ఆ ప్రింటును చాలాసేపు చూశాను. పెరట్లో రింగును ఆరుకు బదులు రెండు మీద పెట్టి ఉంటే, ఇదే పని మూడేళ్ళ కిందటే జరిగేది.

ఫిబ్రవరి తొమ్మిదిన ఆపరేషన్ జరిగింది. నాలుగు రోజులు తల కదపకూడదన్నారు. అత్త తలకి రెండు పక్కలా ఇసుక సంచులు పెట్టారు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని కీర్తనలు చదివాను. ఆవిడకు దగ్గు వచ్చినప్పుడల్లా ఇసుక సంచుల్ని రెండు చేతులా నొక్కిపట్టేవాణ్ణి. కన్ను పోతే అది ఈ ఫోటో వల్లనే. ఈ ఫోటో కోసం కాకపోతే ఆవిడ ఇక్కడికి వచ్చేది కాదు. ఐదో రోజు డాక్టరుగారు కట్టు విప్పి, ఎన్ని వేళ్ళని అడిగారు. మూడంది. మూడే.

మార్చి రెండో వారంలో శ్రీరామ్మూర్తి పని పూర్తిచేశాడు. కాగితపు సంచిలోంచి ప్రింటు తీసి బల్ల మీద పెట్టాడు. అదే చీర, అదే గొళ్ళెం, అదే గోడ. ముఖం స్పష్టంగా ఉంది. కళ్ళు చక్కగా ఉన్నాయి, కుడి కనుబొమ పక్కన మచ్చ ఉంది. తల్లి ముఖంలోని ముడతలు తీసేసి, వయసు తగ్గించి గీశాడు. ఎక్కడా బ్రష్షు జాడ లేదు. అంత నేర్పుగల పని నేను చూడలేదు. ఎవరికి చూపించినా జయశీల అనే అంటారు. నేను ఆవిణ్ణి గుర్తుపట్టడానికి ప్రయత్నించాను. దగ్గరి బంధువులా ఉంది, నేనెప్పుడూ కలవని మనిషి.

ఆయనకు నమస్కారం పెట్టి తెచ్చుకున్నాను. బల్ల సొరుగులో పెట్టాను.

కళ్ళజోడు మార్చి ముప్పయ్యో తేదీన వచ్చింది. మందపాటి అద్దాలు. జోడు పెట్టుకోగానే అత్త ముందు నన్ను చూసింది. ఏడాదిగా ఆవిడ నన్ను చూడనట్టే.

"సిక్కిపోనావు బాబూ," అంది. తరవాత గోడ గడియారాన్ని చూసి టైము చెప్పింది. వాకిట్లోకి వెళ్ళి జగ్గారావు ఇంటి తలుపు రంగు చెప్పింది. తిరిగొచ్చి మంచం మీద కూర్చుని ఒడి సర్దుకుంది.

"ఇప్పుడు తే."

దిండు పక్కనున్న ఫోటోను జోడు రాకముందే మళ్ళీ మళ్ళీ తీసి చూస్తుందని, వారం కిందట నేనే తీసి సొరుగులో పెట్టాను. సొరుగులో ఇప్పుడు రెండు ఉన్నాయి. సొరుగు తీసి నిలబడ్డాను. వెనక నుంచి ఆవిడ, దొరకలేదా అని అడిగింది. ఆవిడ చూస్తానన్నది తన కూతుర్ని. కాగితపు సంచిలో ఉన్నది నేనూ శ్రీరామ్మూర్తీ కలిసి చేసిన మనిషి. సంచి ముట్టుకోలేదు. పాత ఫోటో తీసుకెళ్ళి ఇచ్చాను. ఇస్తూనే చెప్పేయాలనుకున్నాను. మొదటి వాక్యం కూడా అనుకుని ఉంచుకున్నాను.

అత్త ఫోటోను చేతి దూరంలో పట్టుకుంది. దగ్గరికి తెచ్చుకుంది. మళ్ళీ దూరంగా పెట్టింది. వేలు పైనుంచి మొదలుపెట్టి నెమ్మదిగా దింపింది.

"గోడ బాగా అవుపిత్తంది," అంది. "పెచ్చులు కూడా. బైబిలెట్టుకునే గూడు ఇదిగో. మీ మామ మేకు కొట్టింది ఇక్కడే."

మేకు నేను ఎప్పుడూ చూడలేదు. వంగి చూశాను. ఉంది.

ఆవిడ వేలు గోడ మీంచి ముందుకు జరిగి జయశీల ముఖం మీద ఆగింది. జోడు తీసి చీర చెంగుతో తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది. పెరట్లో కాకి అరిచి ఊరుకునేంతసేపు చూసింది. నేను అనుకుని ఉంచుకున్న వాక్యం నోటి దాకా వచ్చింది. ఈలోపు ఆవిడే మాట్లాడింది.

"కూసింత పొర ఇంకా ఉంది. రెండో కన్ను కూడా సేయించీద్దాం బాబూ."

ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నా వైపు చూడలేదు. ఫోటోను ఒళ్ళో బోర్లా పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసుకుంది. గెడ్డ గట్టు మీద కూర్చున్న రోజు కూడా అలాగే పెట్టుకుంది.

ఆరు మీటర్ల దూరంలో మేకును చూసిన కంటికి, అదే కాగితం మీద ముఖం ముందు మాత్రం పొర ఉండదు. అది నాకు తెలుసు. ఆవిడకు తెలుసో లేదో నాకు తెలియదు. ఆ తరవాత ఆవిడ ఫోటో గురించి అడగలేదు. పొద్దున్నే బైబిలు తనే చదువుకుంటోంది. బియ్యంలో రాళ్ళు తనే ఏరుతోంది. ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి ముడుల దారం ఉండచుట్టి కెమేరా పక్కన పెట్టి ఉంది.

డాక్టరుగారు రెండో కంటికి నవంబరు పదహారో తేదీ ఇచ్చారు. శ్రీరామ్మూర్తి చేసిన ఫోటో సొరుగులో కాగితపు సంచిలోనే ఉంది. పొర కంటిది కాదని, తప్పు నాదని అత్తకు నేను ఇంకా చెప్పలేదు.